ఒకే పాత లెన్సు, మూడు ధరలు: లెక్క ఎక్కడ చిక్కుపడుతుంది?

తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందులో ముప్పై ఏళ్లకు పైగా ఫొటో స్టూడియో నడిపి, ఈ మధ్యే షట్టరు దించేసిన ఒక పెద్దాయన బిస్కెట్ డబ్బా ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. గుండు కొట్టించుకుని కొండ దిగిన కుటుంబాలను, ఏడుకొండలు గీసిన తెర ముందు వరసగా నిలబెట్టి ఫొటోలు తీసిన చేతులవి. డబ్బాలో, పాత పంచె ముక్కలో చుట్టి, ఒక నల్లటి లెన్సు ఉంది. "దీనికి ఎంత వస్తుంది నాయనా?" అన్నారు.

అడిగే ముందే ఆయన దగ్గర మూడు జవాబులు ఉన్నాయి. కెమెరాలు బాగుచేసే ఒక అంగడిలో 1,500 రూపాయలు ఇస్తామన్నారు. మనవరాలు ఫోనులో వెతికి 18,000 అని చూపించింది. కొడుకు మాత్రం తన కెమెరాకు తగిలించి చూసి, "ఇది పనికిరాదు నాన్నా, పాత సామాన్లవాడికి వేసేద్దాం" అన్నాడట.

మొదటిది మోసం, రెండోది అత్యాశ, మూడోది నిర్లక్ష్యం అని తేల్చేయడం తేలిక. నేనూ ముందు అలాగే అనుకున్నాను. నిదానంగా చూస్తే ముగ్గురూ అబద్ధం చెప్పలేదు, ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్నకు జవాబు చెప్పారు. ఫిల్ము కాలం నాటి లెన్సులు బీరువాల్లోంచి మళ్లీ బయటికి వస్తున్న ఈ రోజుల్లో ఇదే గందరగోళం చాలా ఇళ్లలో కనిపిస్తోంది. కింద వచ్చే రూపాయల అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే తప్ప ఈ వారం మార్కెట్ రేట్లు కావు.

## పేరు ఒకటే, లెన్సులు అనేకం

లెన్సు ముందు వైపు, గాజు చుట్టూ ఉన్న రింగు మీద రాత ఉంటుంది. పెద్దాయన లెన్సు మీద రష్యన్ లిపిలో "హీలియోస్-44-2" అని, పక్కన "2/58" అని, ఆ తర్వాత ఒక పొడవాటి నంబరు ఉన్నాయి.

58 అంటే ఫోకల్ లెంగ్త్, మిల్లీమీటర్లలో. ఈ అంకె పెరిగేకొద్దీ దూరపు వస్తువు దగ్గరగా కనిపిస్తుంది. 2 అన్నది లెన్సు ఎంత వెలుతురు లోపలికి పంపగలదో చెబుతుంది. 58ని 2తో భాగిస్తే 29. అంటే లెన్సు నోరు పూర్తిగా తెరిస్తే సుమారు 29 మిల్లీమీటర్ల వెడల్పు. వెలుతురు సంగతి చెప్పే ఈ అంకె తగ్గేకొద్దీ నోరు పెద్దదవుతుంది, గాజు పెరుగుతుంది, సాధారణంగా ధరా పెరుగుతుంది. 1.4 లెన్సు పంపే వెలుతురులో 2 లెన్సు సగమే పంపుతుంది.

హీలియోస్-44 కుటుంబానికి మూలం జర్మనీలోని కార్ల్ జైస్ యేనా కంపెనీ తయారు చేసిన బయోటార్ 58 మిల్లీమీటర్ల లెన్సు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ డిజైను సోవియట్ యూనియన్‌కు చేరింది. జెనిత్ కెమెరాలతో పాటు ఈ లెన్సులు ఒకటి కంటే ఎక్కువ ఫ్యాక్టరీల్లో లక్షల సంఖ్యలో తయారయ్యాయి. కాబట్టి ఇది అరుదైన వస్తువు కాదు. అమ్మకపు ప్రకటనల్లో "చాలా అరుదు" అన్న మాట కనిపిస్తే నేను ముందు ఆ ప్రకటననే అనుమానిస్తాను.

అరుదు కాకపోయినా తేడాలున్నాయి. 44-2లో అపెర్చర్‌కు, అంటే వెలుతురు లోపలికి వచ్చే ఆ నోటికి, ఎనిమిది బ్లేడ్లు, దాన్ని చేత్తో తిప్పడానికి రెండు రింగులు ఉంటాయి. తర్వాత వచ్చిన 44ఎం రకాల్లో చాలావాటికి బ్లేడ్లు ఆరు, అపెర్చర్ కెమెరా మీట నొక్కితే దానంతట అదే మూసుకుంటుంది. సోవియట్ లెన్సుల్లో చాలావాటికి నంబరులోని మొదటి రెండు అంకెలు తయారైన సంవత్సరం. పెద్దాయనది 78తో మొదలవుతుంది, అంటే 1978 నాటిది.

పేరు ఒకటే అయినా లోపలి గాజు వేరయ్యే సందర్భాలూ ఉన్నాయి. పెంటాక్స్ వాళ్ల సూపర్ టాకుమార్ 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.4 లెన్సునే తీసుకోండి. మొదట వచ్చిన దాంట్లో ఎనిమిది గాజు ముక్కలు, తర్వాత వచ్చిన దాంట్లో ఏడు. రింగు మీద పేరు మాత్రం అక్షరం మారలేదు. సేకరించేవాళ్లు ఎనిమిది ముక్కల దానికి ఎక్కువ ఇస్తారు. తెలియని వాళ్లు ఏడు ముక్కల లెన్సుకు ఎనిమిది ముక్కల ధర అడిగి, ఎవరూ ఫోను చేయడం లేదేమని ఆశ్చర్యపోతుంటారు.

## కొడుకు జవాబు: 'పనికిరాదు' అన్నది ఏ కెమెరాకు?

లెన్సును కెమెరాకు బిగించే భాగం మౌంట్. పెద్దాయన లెన్సుది ఎం42, అంటే 42 మిల్లీమీటర్ల వెడల్పున్న మరచుట్టు. సీసా మూత తిప్పినట్టు తిప్పి బిగించడమే. కొడుకు దగ్గర ఉన్నది నికాన్ డీఎస్ఎల్ఆర్, అంటే లోపల అద్దం ఉండే డిజిటల్ కెమెరా. మధ్యలో ఒక అడాప్టర్ రింగు వేసి లెన్సు బిగించాడు, బిగిసింది. తీరా చూస్తే ఒకటి రెండు మీటర్ల అవతల ఉన్నదేదీ స్పష్టంగా రాలేదు. దాంతో లెన్సే పాడైందనుకున్నాడు.

నిజానికి లెన్సు బాగానే ఉంది, దూరం కుదరలేదు. ప్రతి కెమెరాలో మౌంట్ అంచు నుంచి ఫిల్ము (ఇప్పుడైతే సెన్సర్) దాకా ఒక నిర్ణీత దూరం ఉంటుంది. లెన్సును ఆ దూరానికే తయారు చేస్తారు. ఎం42 లెన్సులకు అది 45.46 మిల్లీమీటర్లు. నికాన్ ఎఫ్ మౌంట్ కెమెరాల్లో 46.5. అంటే లెన్సు కూర్చోవాల్సిన చోటు కంటే కెమెరా అంచే ఒక మిల్లీమీటరు ముందుంది. దానికి అడాప్టర్ మందం కూడా తోడైతే లెన్సు మరింత ముందుకు జరిగి, దూరపు వస్తువుల మీద ఫోకస్ కుదరకుండా పోతుంది. అదే కానన్ ఈఎఫ్ డీఎస్ఎల్ఆర్‌లో ఈ దూరం 44 మిల్లీమీటర్లు. మిగిలిన ఒకటిన్నర మిల్లీమీటర్లలో పలచటి రింగు సరిగ్గా ఇముడుతుంది. ఆ కొడుకు చేతిలో కానన్ ఉండి ఉంటే ఈ వ్యాసం ఇంకోలా మొదలయ్యేది.

మిర్రర్‌లెస్ కెమెరాలు ఈ చిక్కును దాదాపు పూర్తిగా విప్పేశాయి. లోపల అద్దం లేదు కాబట్టి దూరం బాగా తగ్గిపోయింది. 2010లో వచ్చిన సోనీ 'ఈ' (E) మౌంట్‌లో అది 18 మిల్లీమీటర్లు, 2018లో వచ్చిన నికాన్ జెడ్‌లో 16, కానన్ ఆర్ఎఫ్‌లో 20. వీటికి దాదాపు ఏ పాత లెన్సునైనా ఖాళీ గొట్టం లాంటి అడాప్టర్‌తో తగిలించవచ్చు. సోనీకి ఎం42 కావాలంటే 45.46 లోంచి 18 తీసేస్తే మిగిలే 27.46 మిల్లీమీటర్ల గొట్టం చాలు. అందులో గాజు కూడా అక్కర్లేదు.

దీని ప్రభావం ధర మీద ఎంతో కానన్ ఎఫ్‌డీ లెన్సుల కథ చూస్తే తెలుస్తుంది. 1971లో వచ్చిన ఆ మౌంట్‌ను 1987లో కంపెనీయే పక్కనపెట్టి ఈఎఫ్‌కు మారింది. ఎఫ్‌డీ దూరం 42, ఈఎఫ్‌ది 44. అంటే అదే కంపెనీ కొత్త కెమెరాకు పాత లెన్సు నేరుగా కుదరదు. రెండు దశాబ్దాల పాటు అవి ఫిల్ము కెమెరా వదలని కొద్దిమంది వస్తువులుగానే మిగిలాయి. మిర్రర్‌లెస్ వచ్చాక అవే లెన్సుల కోసం వెతుకులాట మొదలైంది. ఈలోగా వాటి గాజులో మారిందేమీ లేదు. పాతబడిన కొద్దీ విలువ పెరగడానికి లెన్సేమీ చింతకాయ పచ్చడి కాదు. దాన్ని తగిలించుకోగల కెమెరాలు ఎందరి చేతుల్లో ఉన్నాయన్నదే గిరాకీని నడుపుతుంది.

కాబట్టి కొడుకు చెప్పిన జవాబు నిజమే, అతని కెమెరా వరకు. కొనేవాడి కెమెరా వేరు.

## మనవరాలి జవాబు: అడిగిన ధర, అమ్ముడైన ధర

ఆ 18,000 ప్రకటన తెరిచి చూశాను. అది విదేశంలో ఉన్న లెన్సు. విడదీసి శుభ్రం చేసి, సినిమా షూటింగుకు అనువుగా కొత్త పళ్ల రింగు తొడిగి, ముందు గాజు చుట్టూ మార్పులు చేసింది. పైగా అది అమ్మకందారు అడుగుతున్న ధర. ఎవరైనా ఆ ధరకు కొన్నారా లేదా అన్నది ఆ పేజీలో లేదు.

ప్రకటించిన ధర వేరు, ఫ్యాక్టరీ గేటు దగ్గర చేతికి వచ్చే ధర వేరు అని చిత్తూరు తోతాపురి రైతుకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. లెన్సుల విషయంలోనూ అంతే. ఎంత ఎక్కువ అడిగిన ప్రకటన అంత ఎక్కువ కాలం అమ్ముడుపోకుండా తెర మీదే ఉంటుంది. సరసమైన ధర పెట్టింది రెండు రోజుల్లో మాయమవుతుంది. ఫలితంగా ఏ రోజు వెతికినా మనకు కనిపించేవి ఎక్కువగా అమ్ముడుపోని ధరలే. ఈ-బే లాంటి చోట్ల అమ్ముడైన వాటిని విడిగా చూపించే సదుపాయం ఉంది, పోలికకు పనికొచ్చేది అదే. ఇక్కడి ఫోటోగ్రాఫర్ల గుంపుల్లో అయితే "అమ్ముడైంది" అని రాసి ఉన్న పాత పోస్టులే ఆధారం. వాటిలోనూ చివరికి బేరం ఎక్కడ తెగిందో రాయరు.

ఏడు అమ్మకాలు దొరికాయనుకుందాం: 3,800, 4,200, 4,500, 4,800, 5,000, 5,500, 11,000. అన్నీ కలిపి ఏడుతో భాగిస్తే సగటు దాదాపు 5,540. ఏడింటిలో ఆరు అంతకంటే తక్కువకే పోయాయి! ఆ ఒక్క పదకొండు వేలు సగటును పైకి లాగేసింది. తెరిచి చూస్తే దాంతో పాటు కెమెరా, తోలు సంచీ, పెట్టె కూడా ఇచ్చి ఉంటారు. ఇలాంటి చోట సగటు కంటే, వరసలో సరిగ్గా మధ్యన నిలిచే అంకె నమ్మదగినది. ఇక్కడ అది 4,800.

విదేశీ ధరను రూపాయల్లోకి మార్చేస్తే ఇక్కడి ధర వచ్చేయదు. అక్కడ 3,500 ఉన్న లెన్సుకు రవాణా 1,800, కస్టమ్స్ సుంకం, ఇతర ఖర్చులు 1,500 అనుకుంటే కొనేవాడి గుమ్మం చేరేసరికి 6,800 అవుతుంది. ఇక్కడ అమ్మేవాడికి ఇది పైకప్పు లాంటిది. అంతకు మించి అడిగితే కొనేవాడు బయటినుంచే తెప్పించుకుంటాడు. అయితే నెల రోజులు ఎదురుచూడటం, వచ్చాక బాగోకపోతే తిప్పి పంపే తలనొప్పి అతని లెక్కలోనూ ఉంటాయి. అందుకే చేతిలో పెట్టి చూపించగలిగే లెన్సుకు కొందరు ఆ పైకప్పు దాకా రావడానికి సిద్ధపడతారు.

## టార్చి వెలుగులో కనిపించేవి

ఇక్కడి దాకా మాట్లాడింది "ఒక హీలియోస్" గురించి. అమ్మాల్సింది మాత్రం "ఈ హీలియోస్".

గదిలో లైటు ఆర్పి, లెన్సు నోరు పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోను టార్చి వేశాం. మొదట ధూళి రేణువులు నక్షత్రాల్లా మెరిశాయి. కాస్త వాలుగా తిప్పేసరికి ముందు నుంచి రెండో గాజు అంచున, గోరంత మేర, తెల్లటి దారాలు కనిపించాయి. తడిసిన గోడ మీద వేళ్లు పరుచుకున్నట్టు ఒక చుక్క నుంచి నాలుగు వైపులా పాకి ఉన్నాయి. పెద్దాయన కళ్లజోడు సవరించుకుని చూసి, "ఫంగస్" అన్నారు. ఒంట్లో రోగం పేరు విన్నట్టుంది ఆ గొంతు.

గాలిలో తేమ 60 శాతం దాటి చాలాకాలం ఉంటే లెన్సుల్లో ఫంగస్ పెరుగుతుంది. ధూళి, వేలిముద్రల జిడ్డు దానికి ఆహారం. ఈశాన్య రుతుపవనాలు తిరుపతిని తడిపే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలు దానికి పండగ. తోలు సంచీలో, చీకటి బీరువాలో "భద్రంగా" దాచిన లెన్సుకే అది ఎక్కువగా పడుతుంది. రోజూ వాడే లెన్సు బతికిపోతుంది. ఫంగస్ వదిలే ఆమ్లాలు గాజు మీది పూతను తినేస్తాయి. పైపైన ఉంటే తుడిస్తే పోతుంది, పూత దాకా దిగితే తుడిచినా దాని ముద్ర మిగులుతుంది. ఈ రెండింటిలో ఏదో విప్పి చూస్తే గాని తెలియదు. ధర దగ్గర పెద్ద చిక్కు ఇదే.

లెన్సులో ఉన్న లోపం ఫొటోను పాడుచేసే తీరు, ధరను పాడుచేసే తీరు ఒకేలా ఉండవు. ముందు గాజు మీద ఒక గీత ఉంటే ఫొటోలో దాదాపు ఏమీ కనిపించదు, కాని ఆ గీత కొనేవాడి కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి ధర దిగిపోతుంది. వెనక గాజు మీది గీత ఫొటోలో ఎక్కువ తేడా చూపిస్తుంది, అటు చూసేవాళ్లు తక్కువ. లోపల పొగమంచులా పట్టే మసక అన్నిటికంటే ప్రమాదం. ఎదురు వెలుతురులో ఫొటో మొత్తం తెల్లబారుతుంది, మామూలుగా చూస్తే మాత్రం లెన్సు శుభ్రంగానే ఉన్నట్టుంటుంది. ధూళి విషయానికొస్తే, యాభై ఏళ్ల లెన్సులో ఒక్క రేణువూ లేదని ఎవరైనా రాస్తే వాళ్లు టార్చి వేయలేదని అర్థం.

బ్లేడ్ల మీద నూనె ఇంకో రకం. మన ఎండలకు ఫోకస్ మరల్లోని గ్రీజు పలచబడి బ్లేడ్ల మీదికి పాకుతుంది. మీట నొక్కగానే దానంతట అది మూసుకోవాల్సిన 44ఎం లాంటి లెన్సుల్లో ఇది అసలు లోపమే, బ్లేడ్లు అంటుకుపోయి వెలుతురు లెక్క తప్పుతుంది. చేత్తో తిప్పే 44-2లో అదే నూనె వల్ల పనికి పెద్దగా అడ్డం రాదు. ఒకే మరక, రెండు లెన్సుల్లో రెండు విలువలు.

కొన్ని లెన్సులు పసుపు రంగుకు తిరిగి ఉంటాయి. అందరూ దాన్ని మురికి అనుకుంటారు. ఏడు ముక్కల సూపర్ టాకుమార్ అలాంటిదే. గాజు నాణ్యత పెంచడానికి అప్పట్లో అందులో థోరియం కలిపేవారు. దాని రేడియోధార్మికత వల్ల ఏళ్లు గడిచేకొద్దీ గాజు పసుపెక్కుతుంది. అతినీలలోహిత కాంతి కొన్ని రోజులో వారాలో పడితే ఆ పసుపు చాలావరకు విరుగుతుంది. కొందరు ఎండలో పెడతారు. రోహిణి కార్తె ఎండలో అయితే పసుపు విరగడంతో పాటు పైన చెప్పిన గ్రీజు కూడా కరుగుతుంది, అదీ కాక లెన్సు భూతద్దమన్న సంగతి పక్కనున్న కాగితాలకు బాగా తెలుసు. అమ్మేటప్పుడు పసుపు సంగతి చెబితే అది అందరికీ తెలిసిన లక్షణం, చెప్పకపోతే దాచిన లోపం.

## బాగుచేయించి అమ్మడమా, ఉన్నదున్నట్టు అమ్మడమా

దీని మీద రెండు వాదాలున్నాయి, రెంటిలోనూ పస ఉంది.

శుభ్రం చేయించాలనేవారు చెప్పేది: ఫంగస్ అన్న మాట వినగానే సగం మంది వెనక్కి తగ్గుతారు, తమ మిగతా లెన్సులకు అంటుకుంటుందన్న భయం కూడా ఉంటుంది, కాబట్టి ఆ మాటే లేకుండా చేసుకోవాలి. వద్దనేవారు చెప్పేది: విప్పిన లెన్సును అనుభవం లేని చెయ్యి మళ్లీ బిగిస్తే స్క్రూల తలలు అరుగుతాయి, గాజులు ఒరుగుతాయి, పాత లెన్సు తెలిసినవాడు ఆ స్క్రూల మీది గీతలు చూసే "దీన్ని విప్పారు" అని పట్టేస్తాడు.

లెక్క వేసి చూద్దాం. ఉన్నదున్నట్టు అమ్మితే 2,500 వస్తుందనుకుందాం. శుభ్రమై పూత బాగుంటే 4,500. శుభ్రం చేసినా ముద్ర మిగిలితే 3,200. పనికి 1,500 ఖర్చు. పూత బాగుండే అవకాశం నాలుగింట మూడు వంతులైతే, రాబడి 4,500లో మూడు వంతులు, 3,200లో ఒక వంతు కలిపి 4,175. ఖర్చు పోగా 2,675. అంటే ఇంత శ్రమకూ లాభం 175 రూపాయలు. అవకాశం సగానికి సగమే అయితే రాబడి 3,850, ఖర్చు పోగా 2,350. ఉన్నదున్నట్టు అమ్మినదాని కంటే తక్కువ.

అదే లెన్సు శుభ్రంగా ఉంటే ఇరవై వేలు పలికేదైతే? పని ఖర్చు దాదాపు అంతే, తేడా మాత్రం వేలల్లో ఉంటుంది. అక్కడ బాగుచేయించడమే దారి. చౌక లెన్సుకు సరిపడిన తీర్పు ఖరీదైన లెన్సుకు సరిపడదు. ఈ రెండు వాదాల వాళ్లు తరచూ వేరు వేరు ధరల లెన్సులను మనసులో పెట్టుకుని వాదించుకుంటుంటారని నా అనుమానం.

## అంగడి జవాబు: 1,500 ఎలా వచ్చింది?

పెద్దాయనకు ఎక్కువ కోపం తెప్పించింది ఈ అంకే. "నలభై ఏళ్లు ఇదే పనిలో ఉన్నవాణ్ణి, నాకే పదిహేను వందలా?" అన్నారు.

అంగడివాడి వైపు నుంచి చూద్దాం. 1,500కు కొని, శుభ్రం చేసి 4,500కు అమ్ముతాడనుకుంటే మధ్యలో తేడా 3,000. పని ఖర్చు 1,000. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న పాత వస్తువుల వ్యాపారి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును తగ్గించుకునే వీలు) తీసుకోకపోతే పూర్తి ధర మీద కాకుండా కొన్న ధరకు, అమ్మిన ధరకు మధ్య తేడా మీదే పన్ను కట్టే పద్ధతి ఉంది. మూడు వేల మీద 18 శాతం చొప్పున 540. మిగిలేది 1,460. ఆ లెన్సు అద్దాల బీరువాలో ఎన్ని నెలలు కూర్చుంటుందో తెలియదు. అంగడి అద్దె ఆగదు. శుభ్రం చేశాక పూత పోయిందని తేలితే 4,500 కాస్తా 3,200 అవుతుంది, అప్పుడు అతనికి మిగిలేది పనికి పెట్టిన శ్రమ. ఇంటి వస్తువు అమ్ముకునే పెద్దాయనకు ఈ పన్ను, ఈ అద్దె లేవు. బదులుగా ఆయన పెట్టాల్సింది సమయం: ఫొటోలు తీయాలి, పదిమంది ఫోన్లకు జవాబు చెప్పాలి, "లాస్ట్ ఎంత?" అని మాత్రమే రాసేవాళ్లను భరించాలి.

అంగడివాడు తగ్గించిన దాంట్లో ఇంకొకటి కూడా ఉంది, దాన్ని నేను అనుమానపు కోత అంటాను. అమ్మేవాడికి వస్తువు లోగుట్టు తెలుసు, కొనేవాడికి తెలియదు. పాత కార్ల సంతను ఉదాహరణగా తీసుకుని 1970లో జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికవేత్త దీన్ని విడమరచి చెప్పాడు. 2001లో ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చిన కృషిలో ఇదే ముఖ్యం. మంచి కారేదో చెడ్డ కారేదో కొనేవాడు చెప్పలేనప్పుడు అన్నిటికీ నడిమి ధరే ఇస్తాడు. ఆ ధర నచ్చక మంచి కారు ఉన్నవాడు సంత వదిలి వెళ్లిపోతాడు. దాంతో సంతలో చెడ్డవే మిగిలి, ధర ఇంకా పడిపోతుంది.

"పరీక్షించలేదు, పనిచేస్తుందో లేదో తెలియదు, ఉన్నదున్నట్టు" అని రాసిన లెన్సు ప్రకటన చదివినప్పుడు కొనేవాడి తలలో నడిచేది ఇదే. తెలియని ప్రతి విషయానికీ కొంత కోసుకుంటాడు: ఫంగస్ ఉందేమోనని కొంత, ఫోకస్ బిగిసిందేమోనని కొంత, బ్లేడ్లు అంటుకున్నాయేమోనని కొంత. మూడు లోపాలూ లేకపోయినా మూడిటికీ కోత పడుతుంది. టార్చి వేసి తీసిన ఫొటో, ఆ లెన్సుతో నిజంగా తీసిన రెండు ఫొటోలు, అపెర్చర్ తెరుచుకుని మూసుకునే చిన్న వీడియో పెడితే లేని లోపాలకు కోత ఆగి, ఉన్న ఒక్క లోపానికే పడుతుంది. లోపం చూపిస్తే ధర పోతుందన్నది చాలామంది భయం. పోతుంది కూడా, కాని దాస్తే పోయేదాని కంటే తక్కువ.

## మోజు ఎంతకాలం ఉంటుంది?

హీలియోస్‌లో వెనక ఉన్న చెట్ల ఆకులు సుడి తిరిగినట్టు కనిపిస్తాయి. కొలబద్ద పెట్టి చూస్తే అది లోపం. సరిగ్గా ఆ లోపం కోసమే ఇప్పుడు కొంటున్నారు. హాలీవుడ్ సినిమాటోగ్రాఫర్ గ్రెగ్ ఫ్రేజర్ లాంటివాళ్లు ఈ లెన్సును వాడారని తెలిశాక దాని పేరు పెళ్లి వీడియోలు తీసే కుర్రాళ్ల నోళ్లలోకీ వచ్చింది. మేయర్ కంపెనీ ట్రయోప్లాన్ 100 మిల్లీమీటర్ల లెన్సుది ఇదే కథ. వెనక వెలుగు చుక్కలు సబ్బు బుడగల్లా వస్తాయన్న ఒక్క కారణంతో, ఒకప్పుడు ఎవరూ పట్టించుకోని లెన్సు ఖరీదైపోయింది.

ఇంకా పెరుగుతుందని ఆగేవాళ్లు ఉన్నారు. పాతవి ఇక తయారు కావు, ఏటా కొన్ని పాడవుతాయి కాబట్టి మిగిలినవి ప్రియమవుతాయని వాళ్ల వాదన. ఇప్పుడే అమ్మేయమనేవాళ్లు ఫ్యాషన్ మారుతుందంటారు, ఈ సుడిని కంప్యూటర్‌లోనో ఫోనులోనో కల్పించడం సులువైపోతోందంటారు. ఎవరి మాట నెగ్గుతుందో చెప్పలేను. తిరుపతి బీరువాలో ఆగే లెన్సు విషయంలో మాత్రం మూడో పక్షం కూడా ఉంది, ప్రతి కార్తీకంలోనూ కాస్త కాస్త పెరిగే ఆ తెల్లటి దారాలు.

## పెద్దాయన లెన్సు చివరికి ఎక్కడ ఆగింది

శుభ్రమైన 44-2కు మధ్యస్థ ధర 4,800 అనుకున్నాం. అంచున ఫంగస్ ఉంది, ఫోకస్ రింగు కొంచెం గట్టిగా తిరుగుతోంది, బ్లేడ్లు పొడిగా ఉన్నాయి, అసలు మూత ఉంది, పెట్టె లేదు. 2,500 నుంచి 3,200 మధ్య అని అంచనాకు వచ్చాం. బేరానికి చోటుండేలా 3,200 పెడదామని నేను, ఒకే మాట మీద 2,800 పెడదామని ఆయన. కౌంటరు వెనక బతికిన మనిషి కాబట్టి ఆయన మాటే నిలిచింది.

"ఆ ఫంగస్ ఫొటో కూడా పెట్టాలా?" అన్నారు. అదే మొదటి ఫొటోగా పెట్టాం.

నాలుగో రోజు చిత్తూరు నుంచి ఒక డిగ్రీ విద్యార్థి బస్సెక్కి వచ్చాడు. సంచిలోంచి సోనీ కెమెరా, దానికి అడాప్టర్ తీసి, పెద్దాయన ఇంటి మెట్ల మీదే లెన్సు బిగించాడు. ముందు టార్చి వేసి దారాలు ఎక్కడున్నాయో చూసుకున్నాడు, ఫొటోలో చూసినంతే ఉన్నాయని తల ఊపాడు. తర్వాత వేపచెట్టు ముందు పెద్దాయనను నిలబెట్టి ఒక ఫొటో తీసి, తెర మీద చూపించాడు. వెనక ఆకులన్నీ సుడి తిరిగి ఉన్నాయి. "నేను తీసినప్పుడు వెనక తెర ఉండేది, ఇది ఎప్పుడూ చూడలేదే!" అన్నారు పెద్దాయన. కుర్రాడు బేరమాడలేదు. 2,800 యూపీఐలో పంపి, "ఇలాంటివి ఇంకేమైనా ఉన్నాయా సార్?" అన్నాడు.

బీరువా పైన అలాంటి బిస్కెట్ డబ్బాలు ఇంకా రెండు ఉన్నాయట.